వయసు పెరిగే కొద్దీ రిస్క్ అంటే వెనకాడతాం, నిజమేనా?

వేణుమాధవ్

ఎప్పటినుంచో అడగాలనుకుంటున్న విషయం, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకిప్పుడు 44. ఇరవైల్లో ఉన్నప్పుడు చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండానే రాజీనామా ఇచ్చేసి ఇంటికొచ్చిన రకాన్ని నేను, ఇంట్లో వాళ్లకి కూడా ఆ తర్వాతే చెప్పాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న సంస్థ పెట్టుకోవాలని ఉంది. పని తెలుసు, మొదటి కస్టమర్లు ఎవరో తెలుసు, మా ఆవిడ కూడా సరే అంది. అయినా రాత్రిపూట లెక్కల షీట్ తెరవడం, ఏదో ఒక అంకె మార్చి చూసుకోవడం, మూసేయడం, ఇదే వరస.

మరోపక్క మా నాన్నగారు. ఆయనకి 71. జీవితమంతా ఫిక్స్‌డ్ డిపాజిట్ దాటి బయటికి రాలేదు, ఎవరికైనా హామీ సంతకం పెట్టమంటే ఆమడ దూరం పరిగెత్తేవారు. అలాంటి మనిషి ఇప్పుడు ఫోన్‌లో పరిచయమైన ఒకాయన చెప్పాడని ఏదో స్కీములో పెద్ద మొత్తం పెడతానంటున్నారు. వద్దంటే "నాకు తెలుసులేరా" అని ఒక్క మాట.

వయసుతో పాటు జాగ్రత్త పెరుగుతుందని అందరూ అంటారు కదా. మరి ఒకే ఇంట్లో నాకు భయం పట్టుకుంది, ఆయనకేమో ఉన్న భయం పోయింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నిలకడ

మీ విషయంలో పెద్ద రహస్యమేమీ లేదు వేణు గారూ. బాధ్యతలు. ఇరవైల్లో మీరు పడితే మీరొక్కరే పడతారు, ఇప్పుడు మీ మీద ఆధారపడిన వాళ్లందరూ పడతారు. ఇంటి లోను, పిల్లల ఫీజులు, పెద్దవాళ్ల మందులు నెత్తిన ఉన్నవాడు తెగించకపోవడానికి మెదడులో ఏదో మారిందని చెప్పడం అనవసరం అని నా అభిప్రాయం. ఆ బరువు దింపండి, యాభై ఏళ్లవాడు కూడా పాతికేళ్లవాడిలాగే దూకుతాడు.

మీ నాన్నగారి సంగతి మాత్రం వేరు, అది రిస్క్ తీసుకోవడం కాదనిపిస్తోంది, ఎవరో నమ్మించారు.

అనుపమ.ఆర్

నేను మనస్తత్వ శాస్త్రంలో పనిచేస్తాను, నిర్ణయాలు ఎలా తీసుకుంటాం అన్నదే నా పని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నిలకడ గారు చెప్పిన బాధ్యతల సంగతి నిజమే కానీ కథ అంతటితో అయిపోదు.

రిస్క్‌ని కొలవడానికి వాడే రెండు ఆటలున్నాయి. ఒకటి బెలూన్ ఆట, 2002లో వచ్చింది. స్క్రీన్ మీద బెలూన్ ఉంటుంది, మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ అది కొంచెం ఉబ్బుతుంది, మీ ఖాతాలో కొంచెం డబ్బు పడుతుంది. ఎప్పుడైనా ఆపేసి ఆ డబ్బు తీసుకోవచ్చు. పేలితే మాత్రం ఆ బెలూన్ మీద వచ్చిందంతా పోతుంది. ఎన్నో నొక్కుకి పేలుతుందో ముందు తెలియదు. రెండోది 1994లో ఆంటోయిన్ బెషారా, ఆంటోనియో డమాసియో బృందం చేసిన పేకల ఆట. నాలుగు కట్టలుంటాయి. రెండు కట్టల్లో పెద్ద పెద్ద లాభాలు కనిపిస్తాయి కానీ మధ్యలో అంతకంటే పెద్ద నష్టాలు దాక్కుని ఉంటాయి. మిగతా రెండిట్లో లాభాలు చిన్నవి, చివరికి మిగిలేది అక్కడే. ఇదీ ఎవరూ చెప్పరు, తీస్తూ తీస్తూ మనమే కనిపెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. రూయి మాటా, ఆయన సహచరులు 2011లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, బెలూన్ ఆటలో పెద్దవాళ్లు కుర్రవాళ్లకంటే ముందే ఆపేస్తున్నారు, అంటే పిరికివాళ్లలా కనిపిస్తున్నారు. పేకల ఆటలో అదే వయసు వాళ్లు నష్టం తెచ్చే కట్టల నుంచే ఎక్కువ తీస్తున్నారు, అంటే తెగించినవాళ్లలా కనిపిస్తున్నారు! కారణం ఏంటంటే రెండు ఆటల్లోనూ అనుభవం మీద నేర్చుకోవాలి, వయసు పెరిగిన కొద్దీ ఆ నేర్చుకునే వేగం తగ్గుతుంది. బెలూన్ దగ్గర ఇంకా కొంచెం నొక్కొచ్చని నేర్చుకోవడం ఆలస్యమైతే జాగ్రత్తగా కనబడతారు, పేకల దగ్గర ఈ కట్ట మంచిది కాదని నేర్చుకోవడం ఆలస్యమైతే దూకుడుగా కనబడతారు. గెలిచే అవకాశం ఇంత, ఓడిపోయే అవకాశం ఇంత అని కాగితం మీద రాసి ముందే ఇచ్చేస్తే వయసుల మధ్య స్థిరమైన తేడా ఏదీ కనిపించలేదు.

వేణు గారూ, మీ ఇంట్లో జరుగుతున్నదానికి ఇది చాలా దగ్గరగా ఉందని నాకనిపిస్తోంది. మీ నాన్నగారికి డిపాజిట్లు ఎలా పనిచేస్తాయో ముప్పై నలభై ఏళ్ల అనుభవం ఉంది. ఫోన్‌లో వచ్చే స్కీములు ఆయనకి కొత్త కట్ట. దాంట్లో దాక్కున్న నష్టం ఆయన ఇంకా చూడలేదు.

చరణ్_పంతొమ్మిది

అక్కా ఒక డౌట్. మా వయసువాళ్లకి రిస్క్ తెలియదని అందరూ అంటారు కదా, కానీ మాకు తెలుసు. హెల్మెట్ లేకుండా స్పీడ్‌గా వెళ్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక్కడినే ఉంటే నెమ్మదిగానే వెళ్తాను. ఫ్రెండ్స్ వెనక ఉంటేనే ఏదో అవుతుంది. ఇది నాకేనా?

అనుపమ.ఆర్

నీకొక్కడికే కాదు చరణ్. మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో సరిగ్గా ఇదే చూశారు. కారు నడిపే వీడియో గేమ్, పసుపు లైట్ పడ్డాక ఇంకెంత దూరం పోనిస్తావన్నది పరీక్ష. టీనేజ్ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ తెగించారు. 24 దాటిన వాళ్లలో పక్కన ఎవరున్నా పెద్దగా తేడా రాలేదు. ప్రమాదం తెలియకపోవడం కారణం కాదు. ఆ వయసులో ఉత్సాహాన్ని, బహుమతిని వెతికే భాగాలు మెదడులో ముందే ఉరకలేస్తాయి, వాటిని పట్టి ఆపే భాగాలు పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్య దాకా పడుతుంది. నీ గురించి నువ్వు గమనించుకున్నావు చూడు, అది చాలా విలువైన సంగతి, దయచేసి వదలకు. వెనక ఎవరైనా ఎక్కితే ముందు హెల్మెట్ పెట్టుకో.

లెక్కల మాస్టారు

అనుపమ గారు రాసింది బాగుంది, కానీ ఒక పెద్ద చిక్కు ఎవరూ ఎత్తలేదు. ఇవాళ ఇరవై ఏళ్లవాడినీ డెబ్బై ఏళ్లవాడినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చినప్పుడు మీరు కొలుస్తున్నది వయసునా, వాళ్లు పుట్టిన కాలాన్నా? డెబ్బై ఏళ్లవాడు ఇరవైల్లో కూడా అంతే జాగ్రత్తగా ఉండి ఉండొచ్చు, ఎందుకంటే ఆయన చూసిన ప్రపంచం వేరు. ఉల్రికే మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 2011లో అమెరికా కుటుంబాల సర్వేలు తీసుకుని, షేర్ మార్కెట్ బాగా దెబ్బతిన్న కాలాన్ని బతికినవాళ్లు తర్వాత ఎన్నో ఏళ్లపాటు షేర్ల జోలికి తక్కువగా వెళ్లారని చూపించారు. అది వయసు ప్రభావం కానే కాదు, అనుభవించిన చరిత్ర.

ఇంకోటి. 2016లో మాటా బృందమే 77 దేశాల నుంచి దాదాపు లక్షా 47 వేల మంది సమాధానాలు చూసింది. సాహసం, రిస్క్ నాకు ముఖ్యం అని చెప్పేవాళ్లు చాలా దేశాల్లో వయసుతో తగ్గారు, మగవాళ్లు ఆడవాళ్లకంటే ఎక్కువగా చెప్పారు, ఇవి ఊహించినవే. ఊహించనిది ఏంటంటే, పేదరికం, హింస ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ తగ్గుదల చాలా తక్కువ. బతుకే పోటీ అయిన చోట అరవైలో కూడా తెగించక తప్పదు. శరీరమే దీన్ని నిర్ణయించేటట్టయితే అన్నిచోట్లా గీత ఒకేలా దిగాలి కదా.

కాబట్టి నిలకడ గారి వాదనలో నేను సగం ఒప్పుకుంటాను. పరిస్థితి చాలావరకు నిర్ణయిస్తుంది. కానీ బాధ్యతలు దింపేస్తే కుర్రాడిలా దూకుతాడన్నది మాత్రం ఒప్పుకోను, రిటైరై పిల్లలు స్థిరపడ్డాక ఎంతమంది దూకుతున్నారో మన చుట్టూ చూస్తూనే ఉన్నాం.

నిలకడ

> రిటైరై పిల్లలు స్థిరపడ్డాక ఎంతమంది దూకుతున్నారో

అప్పటికి ఓపిక ఉండదు మాస్టారూ, అందుకని దూకరు. ఇష్టం లేక కాదు. ఎనభై ఏళ్ల వయసులో 2013లో యుయిచిరో మియురా ఎవరెస్ట్ ఎక్కాడు, 77 ఏళ్ల వయసులో 1998లో జాన్ గ్లెన్ మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లాడు. ఒంట్లో సత్తా ఉంటే మనసు వెనకాడదు.

అనుపమ.ఆర్

ఇష్టం కూడా కొంత తగ్గుతుంది నిలకడ గారూ. రాబ్ రట్లెడ్జ్ బృందం 2016లో ఒక ఫోన్ యాప్ ద్వారా 18 నుంచి 69 ఏళ్ల వరకు ఉన్న 25,189 మందితో చిన్న చిన్న పందేల ఆట ఆడించింది. వయసు పెరిగిన కొద్దీ, గెలిస్తే లాభం వచ్చే పందేలను ఎంచుకోవడం తగ్గింది. నష్టాన్ని తప్పించుకోవడానికి వేసే పందేల్లో మాత్రం వయసుతో మార్పు లేదు. అంటే ఓడిపోతామన్న భయం పెరగలేదు, గెలుపు మీద మోజు తగ్గింది. వయసుతో పాటు మెదడులో బహుమతి మీద ఆశ పుట్టించే డోపమైన్ అనే రసాయనం వ్యవస్థ నెమ్మదించడం దీనికి కారణం కావచ్చని వాళ్లు అంటారు.

నాకు ఇది చదివినప్పుడు చాలామంది పెద్దవాళ్ల మాటలు గుర్తొచ్చాయి. "ఇప్పుడు అంత సంపాదించి ఏం చేసుకుంటాను" అంటారు చూడండి. దాన్ని మనం పిరికితనం అనేసుకుంటాం.

కౌముది_ఫిజియో

మీరంతా డబ్బు, పందేలు అంటున్నారు. నేను రోజూ చూసే రిస్క్ ఇంకోటి, కింద పడటం. దీని గురించి చెప్పకుండా ఉండలేను.

ఒకసారి పడి లేచిన పెద్దావిడ నడక ఎలా ఉంటుందో చూడండి. గది మధ్యలోంచి నడవదు, గోడ వెంబడే వస్తుంది. గుమ్మం దగ్గర ఆగుతుంది, ముందు చేత్తో ద్వారబంధం పట్టుకుంటుంది, ఆ తర్వాతే కాలు ఎత్తుతుంది. చూపంతా నేల మీదే. మోకాళ్లు వంచదు, ఒళ్లంతా బిగబట్టి చిన్న చిన్న అడుగులు వేస్తుంది. ఆ బిగింపు వల్లే ఏదైనా కాలికి తగిలితే తమాయించుకోలేదు. ఇంట్లో వాళ్లు ప్రేమతో "నువ్వు లేవకు అమ్మా, నీళ్లు నేను తెస్తాను" అంటారు. కొన్ని నెలల్లో తొడ కండరాలు కరిగిపోతాయి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవలేని స్థితి వస్తుంది, అప్పుడు మళ్లీ పడుతుంది. రిస్క్ వద్దనుకుని కూర్చోబెట్టడమే అన్నిటికంటే పెద్ద రిస్క్ అయి కూర్చుంటుంది.

2019లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (వైద్య అధ్యయనాలన్నీ కలిపి చూసేది), ఇళ్లలో ఉండే పెద్దవాళ్లు వ్యాయామం చేస్తే పడటాలు దాదాపు 23 శాతం తగ్గాయని తేలింది. బ్యాలెన్స్‌కి, కాళ్ల బలానికి సంబంధించినవే ఎక్కువ పనిచేస్తాయి. ఒంటికాలి మీద నిలబడటం (పక్కన గట్టి ఆసరా పెట్టుకుని), కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒక కాలి వేళ్ల ముందు ఇంకో కాలి మడమ ఆనించి నడవడం. ఇవన్నీ చూడటానికి కొంచెం ప్రమాదంగానే ఉంటాయి, అందుకే ఇంట్లో వాళ్లు చేయనివ్వరు. మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే ఈ విషయంలో వాళ్ల ధైర్యాన్ని దయచేసి చంపకండి. తలతిరుగుడు ఉన్నా, ఈమధ్య మందులు మారినా ముందు డాక్టర్‌కి చూపించి మొదలుపెట్టండి.

రాజ్యలక్ష్మి

కౌముది గారూ, మీ పోస్ట్ చదివి లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చాను, నిజం.

నాకు 63. నా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. బండి నడపడంలో నేను బాగా తగ్గాను, రాత్రిపూట, వానలో అసలు తీయను. డబ్బు విషయంలో కూడా తగ్గాను. కానీ మనుషుల విషయంలో నాకు ధైర్యం పెరిగింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క మీటింగ్‌లో కూడా అడ్డు చెప్పని మనిషిని, ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘంలో లెక్కలు తేడాగా ఉంటే లేచి అడుగుతున్నాను. ఎవరేమనుకున్నా నాకు పోయేదేముంది? ఇరవైల్లో ఆ ఒక్క ప్రశ్న అడగడం నాకు కొండెక్కడంతో సమానం. కాబట్టి వయసుతో రిస్క్ తగ్గుతుందా పెరుగుతుందా అని ఒక్క ముక్కలో అడిగితే నేను ఏం చెప్పను?

అనుపమ.ఆర్

రాజ్యలక్ష్మి గారూ, 2002లో ఎల్కే వెబర్ బృందం రిస్క్‌ని అందుకే ఐదు రకాలుగా విడగొట్టింది: డబ్బు, ఆరోగ్యం-భద్రత, వినోదం, సమాజంలో మాట, నైతిక విషయాలు. ఒకదాంట్లో తెగించేవాడు ఇంకోదాంట్లో తెగిస్తాడని లేదు. నేను పారాచూట్‌తో విమానంలోంచి దూకగలను, నలుగురిలో మా పెద్దనాన్నకి ఎదురు చెప్పలేను.

లారా కార్‌స్టెన్సెన్ అనే శాస్త్రవేత్త చెప్పే మాట కూడా మీకు సరిపోతుంది. మిగిలిన కాలం తక్కువ అనిపించినప్పుడు మనిషి ప్రాధాన్యాలు మారతాయి, కొత్త పరిచయాలు, భవిష్యత్తు అవకాశాలు పక్కకు జరిగి మనసుకు ముఖ్యమైనవి ముందుకొస్తాయి. ఇది పుట్టినరోజుల లెక్క మీద ఆధారపడదు, ముందు ఎంత కాలం ఉందనిపిస్తోందో దాని మీద ఆధారపడుతుంది. తీవ్రమైన జబ్బుతో ఉన్న కుర్రవాళ్లలో కూడా ఇదే కనిపించింది.

సురేఖ_ప్లానర్

డబ్బు సంగతి నేను చెప్తాను, అది నా వృత్తి.

"100 లోంచి మీ వయసు తీసేయండి, ఎంత మిగిలితే అంత శాతం షేర్లలో పెట్టండి" అనే సూత్రం అందరూ వినే ఉంటారు. 30 ఏళ్లవాడికి 70 శాతం, 70 ఏళ్లవాడికి 30. సులువుగా గుర్తుంటుంది కాబట్టి నిలబడింది. దీనికి చెప్పే కారణం మాత్రం చాలామంది తప్పుగా చెప్తారు, కుర్రవాడికి టైమ్ ఉంది కాబట్టి మార్కెట్ పడ్డా లేస్తుందని. ఎక్కువ కాలం ఉంచితే రిస్క్ దానంతటదే తగ్గిపోతుందన్న ఈ నమ్మకాన్ని ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ ఎప్పుడో తప్పుపట్టారు. అసలు కారణం 1992లో బోడీ, మెర్టన్, విలియం శామ్యూల్సన్ (పాల్ గారి కొడుకు) కలిసి రాసినది: కుర్రవాడి దగ్గర ఇంకా సంపాదించని జీతం ఉంది. డబ్బు పోతే ఇంకో ఉద్యోగం చూసుకోగలడు, ఎక్కువ గంటలు పనిచేయగలడు, రిటైర్మెంట్ వాయిదా వేయగలడు. 71 ఏళ్లాయనకి ఆ దారులన్నీ మూసుకుపోయాయి. పోయిన డబ్బు పోయినట్టే.

కాబట్టి వేణు గారూ, నన్నడిగితే మీ ఇంట్లో ఇప్పుడు రిస్క్ తీసుకోగలిగిన స్తోమత ఉన్నది మీకు, తీసుకుంటున్నది మీ నాన్నగారు.

మీకు ఇంకోటి కూడా చెప్పాలి. అమెరికాలో కంపెనీలు పెట్టిన లక్షల మంది వివరాలు చూసి పియర్ అజూలే బృందం 2020లో ఒక పేపర్ వేసింది. అత్యంత వేగంగా ఎదిగిన వెయ్యికొక్క సంస్థను తీసుకుంటే, పెట్టేనాటికి వాటి వ్యవస్థాపకుల సగటు వయసు 45. అదే రంగంలో ముందు పనిచేసిన వాళ్లకి గెలిచే అవకాశం ఇంకా ఎక్కువ.

లెక్కల మాస్టారు

సురేఖ గారూ, చిన్న జాగ్రత్త. ఆ 45 అన్నది పెట్టినవాళ్ల గురించి, పెట్టాలా వద్దా అని షీట్ తెరిచి కూర్చున్నవాళ్ల గురించి కాదు. 45లో ధైర్యం చేసినవాళ్లు అప్పటికే డబ్బు, పరిచయాలు పోగేసుకున్నవాళ్లు అయ్యుండొచ్చు. వేణు గారికి పని తెలుసు, కస్టమర్లు తెలుసు అన్నారు కాబట్టి ఆయనకి వర్తించొచ్చు, కానీ ఎన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉందో ఆయన ఇంతవరకు చెప్పలేదు. నా దృష్టిలో వయసుకంటే అదే ముఖ్యం.

వేణుమాధవ్

అందరికీ ధన్యవాదాలు, ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారూ, ఏడాదికి పైగా సరిపోయేంత ఉంది. లెక్కల షీట్‌లో నేను మార్చి మార్చి చూసేది కూడా ఆ గడి కాదు, ఎంత లాభం వస్తుందన్న గడి. అనుపమ గారు మోజు తగ్గడం గురించి రాసింది చదివాక ఆగి ఆలోచించాను. నాకు నష్టం గురించి భయం లేదేమో, ఆ లాభం ఇప్పుడు నన్ను అంతగా లాగడం లేదేమో. అలా అయితే ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నానో వేరే కారణం వెతుక్కోవాలి, డబ్బు కాకుండా. అది నాకు నేనే తేల్చుకుంటాను.

నాన్నగారి విషయమే తొందరగా ఉంది. ఈ నెలాఖరుకి కట్టాలట. ఆ మాట వింటేనే టెన్షన్‌గా ఉంది.

అనుపమ.ఆర్

తొందరపెడుతున్నారంటేనే అనుమానించాలి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో ముఖాల ఫొటోలు చూపించి ఎంత నమ్మొచ్చో చెప్పమన్నారు. నమ్మదగ్గ ముఖాలు, మామూలు ముఖాల దగ్గర కుర్రవాళ్లూ పెద్దవాళ్లూ ఒకేలా చెప్పారు. నమ్మకూడని లక్షణాలున్న ముఖాల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఎక్కువ నమ్మకం చూపించారు. ఏదో తేడాగా ఉందని లోపల గుబులు పుట్టించే ఇన్సులా అనే మెదడు భాగం వాళ్లలో తక్కువగా స్పందించింది. మీ నాన్నగారు మొండికేస్తున్నారని అనుకోకండి, మీకు వినిపిస్తున్న ఆ హెచ్చరిక ఆయనకి అంత గట్టిగా వినిపించకపోవచ్చు. పైగా అమెరికా లెక్కల్లో డబ్బు వ్యవహారాల్లో పొరపాట్లు అతి తక్కువగా జరిగేది దాదాపు 53 ఏళ్ల దగ్గరని 2009లో డేవిడ్ లైబ్సన్ బృందం చూపించింది. ఆ తర్వాత మళ్లీ పెరుగుతాయి.

రాజ్యలక్ష్మి

ఇన్సులా గురించి ఆయనకి మాత్రం చెప్పకు నాయనా! నా వయసువాళ్లకి అన్నిటికంటే కష్టంగా ఉండేది, నీకు తెలియదు అనిపించుకోవడం. నువ్వు వద్దన్న కొద్దీ అది డబ్బు సంగతి కాకుండా పోతుంది, ఇంట్లో పెద్దరికం ఎవరిది అన్న సంగతి అయిపోతుంది. ఆ ఫోన్ ఆయన రోజూ పలకరిస్తూ ఉంటాడు చూడు, "ఏం సార్, టిఫిన్ చేశారా" అంటూ. నువ్వు ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడుతున్నావు?

ఆయన్నే అడుగు. "నాన్నా, హామీ సంతకాలు మీరు ఎందుకు పెట్టేవారు కాదు, అప్పట్లో ఏం చూసేవారు" అని అడిగి చెప్పనివ్వు. ఆ తర్వాత అదే కళ్లతో ఈ కాగితాలు ఇద్దరం చూద్దాం అను. మనం తేల్చి చెప్పకూడదు, ఆయన నోటితోనే రావాలి.

కౌముది_ఫిజియో

రాజ్యలక్ష్మి గారు చెప్పినట్టే చేయండి. నా దగ్గరకొచ్చే వాళ్లు కూడా, చెయ్యి పట్టుకుని నడిపిస్తే బిగుసుకుపోతారు, పక్కన నిలబడితే నడుస్తారు.

వేణుమాధవ్

రేపు పొద్దున ఆయన పేపర్ చదువుకునే టైమ్‌కి కూర్చుంటాను. కాగితాలు చూపించడానికి ఒప్పుకుంటే పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ పెడతాను. సురేఖ గారూ, మీరొకసారి చూడగలరా?

సురేఖ_ప్లానర్

తప్పకుండా చూస్తాను. పెట్టేముందు మూడు చూసుకోండి. ఆ సంస్థ పేరు నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి ఉందో లేదో మీరే వెతకండి, వాళ్లు పంపిన లింకు నొక్కి చూడొద్దు. డబ్బు ఎవరి ఖాతాకి పంపమన్నారో చూడండి, వ్యక్తి పేరు మీద ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు. మధ్యలో వెనక్కి తీసుకోవాలంటే ఏం చేయాలో రాసిన పేజీ ఉందేమో చూడండి, ఉంటే ఆ పేజీ ఫొటోనే ముందు పెట్టండి.